పీఎస్‌హెచ్‌ఈ చెప్పాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను గుంటూరులో బీఎస్సీ, బయలాజికల్ సైన్స్ మెథడాలజీతో బీఈడీ చేసి, ఒక ప్రైవేటు హైస్కూల్లో మూడేళ్లు బయాలజీ చెప్పాను. పెళ్లయ్యాక మావారి ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లోని రీడింగ్‌కి వచ్చాం. ఆయనది స్కిల్డ్ వర్కర్ వీసా, నాది డిపెండెంట్. ఇక్కడి హైస్కూళ్లలో పీఎస్‌హెచ్‌ఈ (పర్సనల్, సోషల్, హెల్త్ అండ్ ఎకనమిక్ ఎడ్యుకేషన్) అని ఒక పీరియడ్ ఉంటుందట. స్నేహాలు, ఆరోగ్యం, మత్తుపదార్థాలు, మానసిక ఒత్తిడి ఇవన్నీ మాట్లాడతారట. నాకు అదే చెప్పాలని ఉంది. దానికి విడిగా కోర్సు ఉందా? మా అమ్మేమో "ఆ విషయాలన్నీ క్లాసులో ఎలా చెబుతావే?" అంటోంది. నిజానికి నాకూ కాస్త బెరుకుగానే ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఉద్యోగం సంగతి సూటిగా చెబుతాను. పీఎస్‌హెచ్‌ఈ టీచర్ కావాలనే ప్రకటన కోసమే చూస్తూ కూర్చుంటే కాలం గడిచిపోతుంది. అక్కడి చాలా హైస్కూళ్లలో ఈ పాఠాలను వేరే సబ్జెక్టుల టీచర్లే చెబుతారు. అందుకే నా సలహా ఇది: సైన్స్ టీచర్‌గా చేరండి, చేరాక పీఎస్‌హెచ్‌ఈని అడిగి మరీ తీసుకోండి.

ఎందుకిలా అంటే, దీనికి జీసీఎస్‌ఈ, అంటే అక్కడ పదహారేళ్ల వయసులో రాసే పబ్లిక్ పరీక్ష లేదు. మార్కులు లేని సబ్జెక్టుకు టైమ్‌టేబుల్లో ఏ గతి పడుతుందో మీకు వేరే చెప్పాలా? చాలాచోట్ల వారానికి ఒక పీరియడ్, అదీ క్లాస్ ట్యూటర్ చేతికి. మ్యాథ్స్ చెప్పే ఆయన, ఎవరో తయారుచేసి ఇచ్చిన స్లయిడ్లు చూపిస్తూ డ్రగ్స్ గురించి చెప్పాల్సి వస్తుంది. కొన్ని స్కూళ్లు ఏడాదిలో రెండు మూడు రోజులు కేటాయించి అన్నీ ఒకేసారి ముగిస్తాయి. 2013లో అక్కడి తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ ఇచ్చిన నివేదికలో, చూసిన స్కూళ్లలో 40 శాతం చోట్ల పీఎస్‌హెచ్‌ఈ బోధన తగినంత బాగాలేదని తేలింది. ఆ తర్వాత చట్టం మారింది. 2017 నాటి చిల్డ్రన్ అండ్ సోషల్ వర్క్ చట్టం ఆధారంగా, 2020 సెప్టెంబర్ నుంచి సెకండరీ స్కూళ్లన్నిటిలో మనుషుల మధ్య సంబంధాల విద్య, లైంగిక విద్య తప్పనిసరి అయ్యాయి. ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లలో ఆరోగ్య విద్య కూడా తప్పనిసరే. 2025 జులైలో సవరించిన మార్గదర్శకాలు వచ్చాయి, 2026 సెప్టెంబర్ 1 నుంచి అమలు. డీప్‌ఫేక్‌లు, ఆడవాళ్లపై ద్వేషం నూరిపోసే ఆన్‌లైన్ గుంపులు, ఆత్మహత్యల నివారణ వంటివి అందులో ఉన్నాయి. వీటిని స్లయిడ్లు చూసి చదివేసే మనిషి కాదు, ఇష్టపడి చెప్పే టీచర్ కావాలి. మీలాంటివాళ్ల అవసరం అక్కడే ఉంది.

విడిగా కోర్సు ఉందా అంటే, పీఎస్‌హెచ్‌ఈ ఒక్కటే ముఖ్య సబ్జెక్టుగా పీజీసీఈ (మన బీఈడీ లాంటి అక్కడి టీచర్ శిక్షణ కోర్సు) దొరకడం అరుదు. పైగా డిపెండెంట్ వీసా మీద కొత్తగా వెళ్లినవాళ్లకు సాధారణంగా అంతర్జాతీయ విద్యార్థుల ఫీజే వేస్తారు. మీకు అంత ఖర్చు అవసరం లేదు. బయటి దేశాల్లో శిక్షణ పొందిన టీచర్లు క్యూటీఎస్, అంటే అర్హత పొందిన టీచర్ హోదా కోసం నేరుగా ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. 2023 నుంచి భారతీయ టీచర్లకూ ఆ దారి తెరిచారు. అయితే మనవాళ్లకు ఒక షరతు పెట్టారు: 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు మ్యాథ్స్, సైన్స్, భాషల్లో ఏదో ఒకటి చెప్పే అర్హత ఉండాలి. అంటే మీ బయాలజీ బీఈడీ సరిగ్గా పనికొస్తుంది. డిగ్రీ, బీఈడీ, శిక్షణ తర్వాత కనీసం ఏడాది అనుభవం, ఇంగ్లిష్ సామర్థ్యానికి రుజువు, టీచర్‌గా మీ వృత్తి అర్హతను ధ్రువీకరించే లేఖ అడుగుతారు. దరఖాస్తుకు ఫీజు లేదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, ఏజెంట్ల మాట వినకుండా పోర్టల్‌లో ఉన్నదే చదవండి.

క్యూటీఎస్ వచ్చాక జీతం మాట. లండన్, దాని చుట్టుపక్కల ప్రాంతాలు మినహా మిగతా ఇంగ్లండ్‌లో 2025-26కి కొత్త టీచర్ జీతం ఏడాదికి 32,916 పౌండ్ల నుంచి మొదలవుతుంది. రీడింగ్ ఆ మిగతా ప్రాంతంలోకే వస్తుంది. స్కూలు మొత్తానికి పీఎస్‌హెచ్‌ఈ బాధ్యత చూసేవాళ్లకు కొన్నిచోట్ల అదనపు భత్యం ఉంటుంది, అన్నిచోట్లా కాదు. ఇంటర్వ్యూలోనే అడగండి, మొహమాటపడకండి. ఈలోగా టీచింగ్ అసిస్టెంట్‌గా చేరడం మంచిదే. జీతం తక్కువ, కానీ అక్కడి పిల్లల మాట, యాస, అల్లరి అన్నీ అలవాటవుతాయి.

ఇక బెరుకు సంగతి. నాకు అసలు విషయం ఇదే అనిపించింది. పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేయడం మన స్కూళ్లలో కొత్త కాదు. మీరు ఆ పాఠం చెప్పారా, దాటేశారా? చెప్పి ఉంటే సగం బెరుకు పోయినట్టే. దాటేసి ఉన్నా భయపడకండి, ఎందుకంటే ఈ క్లాసు ధైర్యం మీద కాదు, పద్ధతి మీద నడుస్తుంది.

పద్ధతి అంటే ఎలాగంటే, "మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?" అని ఎప్పుడూ అడగరు. ఒక కల్పిత పరిస్థితి చెబుతారు. పదమూడేళ్ల అమ్మాయి ఫొటోను స్నేహితుడు గ్రూపులో పెట్టాడు. ఆ అమ్మాయి మనసులో ఏముంటుంది? ఆ గ్రూపులో ఉన్న మిగతావాళ్లు ఏం చేయొచ్చు? ఎవరి దగ్గరికి వెళ్లాలి? పిల్లలు ఆ అమ్మాయి గురించే మాట్లాడతారు. తమ గురించి చెప్పుకోవాల్సిన పని ఉండదు, కానీ ఎవరికి తగలాల్సింది వాళ్లకు తగులుతుంది. ప్రశ్నల పెట్టె ఇంకో మంచి ఏర్పాటు. అందరికీ చీటీ ఇవ్వాలి, ప్రశ్న లేనివాళ్లు కూడా "ప్రశ్న లేదు" అని రాసి వేయాలి. అప్పుడు ఎవరు అడిగారో బయటపడదు. జవాబులు మర్నాడో, వచ్చే వారమో చెప్పొచ్చు, మీరు చదువుకుని రావడానికి వ్యవధి ఉంటుంది. మీ సొంత పెళ్లి, మీ శరీరం గురించి అడిగితే, సొంత విషయాలు ఇక్కడ మాట్లాడం అని మొదటి రోజే పెట్టుకున్న నియమం కాపాడుతుంది. ఇవి అమ్మగారికి కూడా చెప్పండి, ఆమె ఊహించుకున్న క్లాసు ఇది కాదని అర్థమవుతుంది.

రెండు విషయాల్లో మాత్రం మీరు చేరకముందే గట్టిగా ఆలోచించుకోవాలి. మొదటిది, పిల్ల వచ్చి "మేడమ్, ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతా" అన్నప్పుడు మన అలవాటు ప్రకారం "సరే చెప్పు" అనేస్తాం. అక్కడ అలా మాట ఇవ్వకూడదు. శ్రద్ధగా వినాలి, సహాయం చేయగల వాళ్లకు చెప్పాల్సి రావచ్చని ముందే చెప్పాలి, ఆలస్యం చేయకుండా స్కూల్లో సేఫ్‌గార్డింగ్, అంటే పిల్లల రక్షణ చూసే బాధ్యుల దృష్టికి తీసుకెళ్లాలి. రెండోది, సెకండరీ స్థాయిలో స్వలింగ సంబంధాల గురించి కూడా చెప్పాలి, గౌరవంగా చెప్పాలి. అందులో మీకు మనసు ఒప్పకపోతే ఈ సబ్జెక్టు వద్దు, సైన్స్ ఒక్కటే చెప్పుకోండి.

తల్లిదండ్రుల అభ్యంతరాలు కూడా వస్తాయి. లైంగిక విద్య నుంచి తమ పిల్లలను మినహాయించమని వాళ్లు కోరవచ్చు. పదహారేళ్లు నిండడానికి మూడు టర్ముల ముందు నుంచి పిల్లలే కావాలంటే స్కూలు ఆ పాఠం చెప్పాలి. సంబంధాలు, ఆరోగ్యం, సైన్స్ పాఠాల నుంచి మినహాయింపు లేదు. మన ఉపఖండం నుంచి వచ్చిన కుటుంబాలతో ఈ మాటలు నచ్చజెప్పేటప్పుడు మీరు ఆ స్కూలుకు పెద్ద బలం. "ఇంట్లో తెలిస్తే చంపేస్తారు" అని ఒక పిల్ల అంటే అందులో అలవాటు మాట ఎంత, నిజమైన భయం ఎంత అని పసిగట్టడంలో ఆ ఇళ్ల వాతావరణం తెలిసిన మీకు కొంత పట్టు ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2023 ఫిబ్రవరి 27 నుంచి 18 ఏళ్లు నిండనిదే పెళ్లి కుదరదు, మతాచారం ప్రకారం చేసినా సరే. బలవంతపు పెళ్లి గురించి చెప్పాల్సిన పాఠమూ ఇందులో ఉంది. సెలవుల్లో ఊరికి తీసుకెళ్లి పెళ్లి చేసేసే ప్రమాదం ఉంటుంది కాబట్టి, వేసవి సెలవులకు ముందు ఆ పాఠం తప్పక పడేలా చూడమని మీరే అడగొచ్చు.

ఎప్పటికైనా తిరిగి వచ్చేస్తే ఈ అనుభవం వృథా కాదు. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, వంద మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న విద్యాసంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సోషల్ వర్కర్‌ను గానీ నియమించాలని ఆదేశించింది. ఆ పోస్టులకు తగిన శిక్షణ వేరే కావాలి, అది తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది, గుంటూరులో మీరు పనిచేసిన స్కూలుకు ఫోన్ చేసి సర్వీస్ సర్టిఫికెట్ అడగడం. చేరిన తేదీ, మానేసిన తేదీ, చెప్పిన సబ్జెక్టు, తరగతులు స్పష్టంగా ఉండాలి. లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర పడాలి. పబ్లిక్ పరీక్షలు మొదలైతే అక్కడ ఆఫీసులో ఎవరూ ఫోన్ ఎత్తరు, కాబట్టి ఈ వారమే చేయండి.