పికప్ వెనక కుక్క: మెడకు తాడు కడితే సరిపోతుందా?

ఈసారి పికప్ ట్రక్కు వెనక కుక్కల్ని తీసుకెళ్లడం మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకు ఉంచి, ఇప్పటికి ఆ సంగతే చూద్దాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆడ లాబ్రడార్ బరువు 25 కిలోలు. పికప్ వెనక తొట్టిలో నిలబడి, తల బయటపెట్టి గాలి తగిలించుకుంటూ రావడమంటే దానికి మహా సరదా. మెడబెల్టుకు తాడు కట్టి తొట్టి పక్కనున్న రింగుకు ముడేస్తాను. ఇంతవరకు ఏమీ కాలేదు, అయినా మా ఆవిడ బండి తీసిన ప్రతిసారీ గొడవే. తాడు చాలదా?

జవాబు: చాలదండీ. ఈ విషయంలో నేనూ మీ ఆవిడ పక్షమే. ఇంతవరకు ఏమీ కాకపోయి ఉండొచ్చు, కానీ ముడి సంగతి తేలేది సడన్ బ్రేక్ పడ్డ రోజున. ఒకసారి లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బండి దేన్నైనా గుద్ది ఆగిపోయినా వెనకున్న కుక్క మాత్రం అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటుంది. 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీంచి పడితే నేలను తాకేటప్పుడు ఉండే వేగం ఇదే. దాన్ని అరమీటరు దూరంలో ఆపాలంటే 25 కిలోల ఒంటి మీద పడే లాగుడు సుమారు 700 కిలోల బరువుతో సమానం. అదంతా రెండు వేళ్ల వెడల్పు లేని మెడబెల్టు మీద పడితే శ్వాసనాళం, మెడపూసలు ఏమవుతాయో మీరే ఊహించుకోండి.

నాకు అంతకన్నా భయం తాడు పొడవు గురించి. ఎంత పొడవో మీరు రాయలేదు గానీ, అది తల బయటపెట్టగలుగుతోందంటే గెంతడానికి కావాల్సినంత తాడు ఉన్నట్టే. రోడ్డు పక్కన పిల్లి ఏదైనా కనబడి ఒక్క గెంతు గెంతిందంటే బయట వేలాడుతుంది. కాళ్లు నేలకు అందితే బండి ఈడ్చుకుపోతుంది, అందకపోతే ఉరే. ఇంజిన్ మోతలో, పాటల మోతలో ముందు కూర్చున్నవాళ్లకు ఏమీ వినబడదు. వదులుగా వదిలేయడం కన్నా ఏదో ఒకటి కట్టడం నయం కదా అని చాలామంది అనుకుంటారు. మెడకు కట్టిన పొడవాటి తాడు విషయంలో అదీ నిజం కాదు.

ఆ గాలి సరదా సంగతి కూడా చెప్పాలి. వేగంగా పోయే బండి మీద ఇసుక రేణువు, పురుగు, ముందు లారీ టైరు లేపిన చిన్న రాయి అన్నీ నేరుగా కంటికే తగులుతాయి. కంటి నల్లగుడ్డు మీద గీత పడితే మొదట్లో కన్ను చికిలించడం, నీరు కారడం తప్ప ఏమీ కనబడదు. వదిలేస్తే పుండవుతుంది, ముదిరితే చూపే పోవచ్చు. సరదా పడనివ్వాలనుకుంటే మైదానంలో పరుగెత్తించండి.

మరి ఎలా తీసుకెళ్లాలంటే, అన్నిటికన్నా మంచి చోటు క్యాబిన్‌లో వెనక సీటు. ఛాతీ చుట్టూ వేసే పట్టీల తొడుగు, అంటే హార్నెస్ తొడిగి దాన్ని సీటు బెల్టుకు తగిలించాలి. అది కుదరకపోతే తొట్టిలో గట్టిగా బిగించిన క్రేటు, అంటే కుక్కను ఉంచి తీసుకెళ్లే పెట్టె. రెండూ కుదరనప్పుడు మాత్రమే, అదీ దగ్గరి ప్రయాణానికి, నెమ్మదిగా వెళ్లేటప్పుడు, హార్నెస్‌కు రెండు వైపుల నుంచి పొట్టి కట్లు. ఈ వరసలో మెడబెల్టుకు చోటే లేదు. దాని మీద పేరు, ఫోన్ నంబరు ఉన్న బిళ్ల ఉంటే చాలు.

ప్రశ్న: మాది సింగిల్ క్యాబ్ పికప్, ముందు రెండే సీట్లు. పక్క సీట్లో కూర్చోబెట్టుకోవచ్చా? లేదా క్రేటు కొనాలంటే ఎలాంటిది తీసుకోవాలి, ఎలా బిగించాలి?

జవాబు: పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ ఉంటే వద్దు. మనిషి సైజుకు తగ్గట్టు చేసిన ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే కుక్కకు అదే పెద్ద దెబ్బ. పైగా పక్కనే ఉంటే మీ చెయ్యి, చూపు రెండూ దాని మీదే ఉంటాయి.

క్రేటు అనగానే మరీ పెద్దది కొనేస్తుంటారు, పాపం హాయిగా ఉంటుందని. ఇంట్లో పడుకోవడానికైతే సరే. ప్రయాణంలో చోటు ఎక్కువయ్యే కొద్దీ కుక్క గోడలకు గుద్దుకోవడమూ ఎక్కువవుతుంది. లేచి నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, కాళ్లు చాపుకుని పడుకోగలగాలి, అంతే. మడతపెట్టే సన్న తీగల క్రేటు మాత్రం తొట్టిలో పెట్టకండి. అది ఇంటికోసం చేసిన వస్తువు, గట్టిగా గుద్దుకుంటే కీళ్ల దగ్గర విడిపోయి తీగలు లోపలికే గుచ్చుకుంటాయి. పై సగం, కింద సగం కలిపి బిగించే ప్లాస్టిక్ క్రేటైతే చుట్టూ ఒక బెల్టు కూడా వేయండి. 'క్రాష్ టెస్టెడ్' అని అట్ట మీద రాసి ఉన్నంత మాత్రాన నమ్మేయొద్దు. ఎవరు పరీక్షించారు, ఎంత బరువు పెట్టి చేశారు అని అడగండి. అమెరికాలో సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అని ఒక సంస్థ క్రేట్లనూ హార్నెస్‌లనూ ఇలా పరీక్షిస్తుంది. పెద్ద మొత్తం పెట్టే ముందు వాళ్ల ఫలితాలు చూసుకోవడం మంచిది.

ఇక బిగించడం. క్రేటును క్యాబిన్ వెనక గోడకు ఆనించి పెట్టండి. ఎదురుగాలి తగలదు, బ్రేకు వేసినప్పుడు ముందుకు జారడానికి చోటూ ఉండదు. నాలుగు మూలల నుంచి రాచెట్ బెల్టులు, అంటే పిడి ఆడిస్తూ బిగించే పట్టీలు లాగి తొట్టిలో కంపెనీ ఇచ్చిన ఇనుప రింగులకే తగిలించాలి. ప్లాస్టిక్ కొక్కేలు, మోటార్ సైకిల్ మీద సామాను కట్టే రబ్బరు తాళ్లు దీనికి పనికిరావు, ఆ తాళ్లు సాగేది సరిగ్గా సాగకూడని సమయంలోనే. బెల్టు క్రేటు ఒంటి మీదుగా పోవాలి తప్ప తలుపు చువ్వల్లోంచి కాదు. అంతా అయ్యాక క్రేటును రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి, బండి మొత్తం ఊగాలి కానీ క్రేటు కదలకూడదు. కొంతదూరం వెళ్లాక దిగి ఇంకోసారి చూడండి, అదురుకు బెల్టులు వదులవుతాయి.

లోపల జారని రబ్బరు చాప వేయండి. లోపలికి ఎక్కించాక మెడగొలుసు విప్పేయండి, చువ్వకు చిక్కుకుంటే ఊపిరాడదు. రెండు కుక్కలుంటే, ఎంత స్నేహంగా ఉన్నా సరే, రెండు క్రేట్లు.

ప్రశ్న: మా పశువుల దగ్గర పనిచేసే కుక్క రోజుకు పదిసార్లు ఎక్కుతుంది, దిగుతుంది. ప్రతిసారీ క్రేటంటే కుదిరే పని కాదు. రెండు వైపుల కట్టడం అంటున్నారు, అది ఎలా?

జవాబు: మీ పొలంలో నడక వేగంతో బండి తోలుతున్నప్పుడు ఒక సంగతి, మెయిన్ రోడ్డెక్కాక ఇంకో సంగతి. చట్టాలు కూడా చాలాచోట్ల ఇలాగే ఆలోచించాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో బండి వెనక తెరిచిన తొట్టిలో ఉన్న కుక్క పడిపోకుండా కట్టి అయినా, మూసిన చోటనైనా ఉండాలి, మందను తోలే పనిలో ఉన్న కుక్కకు మినహాయింపు ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలోనైతే తొట్టి మూసి ఉండాలి, లేదా చుట్టూ కనీసం 46 అంగుళాల ఎత్తు కటకటాలుండాలి, లేదా కుక్కను బోనులో పెట్టాలి, అదీ కాకపోతే రెండు వైపుల నుంచీ కట్టాలి. మీ దగ్గర రూలేమిటో ఒకసారి కనుక్కోండి. అయితే మినహాయింపు జరిమానా నుంచే, కుక్క ఎముకలకు అది వర్తించదు.

కట్టే పద్ధతి కష్టమేమీ కాదు. క్యాబిన్‌కు దగ్గరగా, తొట్టి మధ్యలో కుక్క ఉండేలా ఎడమ గోడ రింగు నుంచి ఒక కట్టు, కుడి గోడ రింగు నుంచి ఒక కట్టు తెచ్చి రెంటినీ హార్నెస్ వీపు భాగానికి తగిలించండి. లేచి నిలబడాలి, పడుకోవాలి, కానీ ముక్కు ఏ వైపు అంచుకూ అందకూడదు. బండి ఆగి ఉండగానే ఏదైనా తినేది చూపించి పక్కకు పిలవండి, ముందుకాలు అంచు మీద పెట్టగలిగితే ఇంకా పొడవు తగ్గించాలన్నమాట. గిరగిరా తిరిగే కొక్కెం వాడితే మెలికలు పడవు. కొరికే అలవాటుంటే గుడ్డ పట్టీకి బదులు పైన ప్లాస్టిక్ పూత ఉన్న ఉక్కు తీగ కొనండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఇది కుక్క బయటకు పడకుండా ఆపుతుంది, అంతవరకే. బండి బోల్తా పడితే దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

తొట్టిలో స్టెప్నీ, గడ్డపార, డబ్బాల్లాంటివి వదులుగా ఉంటే ముందు వాటిని కట్టండి, లేదా తీసేయండి.

ప్రశ్న: పికప్ వెనక ఫైబర్ టాపు బిగించాం, కాబట్టి ఎండ సమస్య లేదు కదా? మధ్యలో పది నిమిషాలు ఆగితే కిటికీ కాస్త తెరిచి వెళ్తాం.

జవాబు: టాపు వేస్తే నీడ వస్తుంది, చల్లదనం రాదు. ఎండలో ఆపిన బండి లోపల వేడి పది నిమిషాల్లోనే 10 డిగ్రీల వరకు పెరుగుతుంది, అరగంటలో దాదాపు రెట్టింపు. కిటికీ రెండు వేళ్లంత తెరిచినందువల్ల పెద్దగా తేడా ఉండదు. ఏసీ ఉన్న క్యాబిన్‌లో కూర్చున్న మనకు వెనక ఎలా ఉందో అసలు తెలియదు. నడుస్తున్న బండిలో కూడా అంతే.

కుక్క ఒంటి మామూలు వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు. మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్ల దగ్గర కాస్త తప్ప. నాలుక చాపి వగర్చడమే దానికున్న ఫ్యాను. చుట్టూ గాలి వేడిగా, ఉక్కగా ఉంటే ఆ వగర్పు పనిచేయదు. ఒంటి వేడి 41 దాటితే ప్రాణానికే ముప్పు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులు ఇంకా ముందే కుప్పకూలుతాయి, వాటిని ఎండ పూట తొట్టిలో ఎక్కించవద్దనే నా సలహా. టాపు లేని తొట్టిలో ఇంకో బాధ, కాలిన ఇనుము. మీ అరచెయ్యి వెనక భాగాన్ని ఆ రేకు మీద కాసేపు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ భరించలేవు.

టాపు ఉన్నవాళ్లు చాలామంది చేసే పొరపాటు, గాలి కోసం వెనక అద్దం ఎత్తిపెట్టడం. పరుగెత్తే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గి సైలెన్సర్ పొగను లోపలికి లాక్కుంటుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పక్క కిటికీలు తెరవండి, వెనకది మూసి ఉంచండి.

చొంగ చిక్కగా కారుతూ, చిగుళ్లు ఎర్రగా మారి, తూలుతుంటే వడదెబ్బే. ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ముందు నీడలోకి తెచ్చి, దొరికిన నీళ్లు ఒళ్లంతా పోసి గాలి తగిలేలా చూడండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది, కాబట్టి కప్పొద్దు. కాస్త చల్లబడ్డాక ఏసీ వేసుకుని ఆసుపత్రికి బయల్దేరండి. లేచి తిరుగుతున్నా సరే చూపించాల్సిందే.

ప్రశ్న: బండెక్కితే వాంతులు, అరుపులు. నిద్రమాత్ర వేసి పడుకోబెట్టి తీసుకెళ్లమని ఒకరు చెప్పారు.

జవాబు: మీ అంతట మీరు వేయకండి. మత్తులో ఉన్న కుక్క బండి కుదుపులకు నిలదొక్కుకోలేదు, కొన్ని మందులతో ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తి కూడా తగ్గుతుంది. వాంతులకు వేరే మందులున్నాయి, మీ డాక్టరు బరువు చూసి ఇస్తారు. మూడు, నాలుగు గంటల ముందే తిండి ఆపండి, నీళ్లు ఆపొద్దు. అరుపులు భయం వల్లనైతే కొన్ని రోజులు ఆగి ఉన్న బండిలోనే క్రేటులో అన్నం పెట్టండి, తర్వాత ఇంజిన్ ఆన్ చేసి, ఆ తర్వాత వీధి చివరి వరకు. ఓపిక కావాలి, షార్ట్‌కట్ లేదు.

ప్రశ్న: నిన్న మా కుక్క నడుస్తున్న పికప్ మీంచి దూకేసింది. లేచి మామూలుగానే నడిచింది, అన్నం కూడా తింది. చూపించాలా?

జవాబు: ఇవాళే చూపించండి. ఊపిరితిత్తుల్లో దెబ్బ, ఛాతీకి కడుపుకి మధ్యనున్న పొర చిరగడం, మూత్రాశయం పగలడం లాంటివి పైకి కనబడవు, ఒకటి రెండు రోజుల తర్వాత ఒక్కసారిగా బయటపడతాయి. చిగుళ్లు తెల్లబడ్డాయా, ఊపిరి వేగంగా ఉందా, కడుపు ముట్టుకుంటే మూలుగుతోందా, నిన్నటి నుంచి మూత్రం పోసిందా అన్నవి చూసి డాక్టరుకు చెప్పండి. మీరు బయల్దేరేలోగా లేవలేని స్థితికి వస్తే చేతుల్లో ఎత్తకుండా ఒక చెక్క మీదకో, బిగించి పట్టుకున్న దుప్పటి మీదకో మెల్లగా జరిపి తీసుకెళ్లండి. నొప్పిలో ఉన్న కుక్క సొంత మనిషినైనా కరుస్తుంది, మొహం దగ్గరకు వెళ్లకండి. కరవకుండా మూతికి ఏదైనా కట్టాలనుకున్నా, ఊపిరి కష్టంగా ఉంటే మాత్రం కట్టొద్దు.