సుమతీ, ముందు ఏఎన్ఎం వెంట తిరుగు

సుమతీ,

దేశం మొత్తం ఆరోగ్య రికార్డులు ఆన్‌లైన్ చేసే ప్రాజెక్టులో చేరుతున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. ఆదోనిలో కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నా. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది.

కోడింగ్ సంగతి నీకు నేను చెప్పేదేముంది. వేళకు తిను. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని కనబడితే నమ్మొద్దు, మన పల్లెల్లో ముసలివాళ్లలో చాలామంది ఆ రోజే పుట్టినట్టు ఉంటుంది.

ఇంగ్లండు వాళ్ల కథ మాత్రం శ్రద్ధగా చదువు. అత్తకు ఇవన్నీ ఎందుకని నవ్వకు, మాకు ట్యాబులు ఇచ్చినప్పటి నుంచి నాకిదే ధ్యాస. 2002లో మొదలుపెట్టారు, ప్రతి రోగికీ ఒక ఎలక్ట్రానిక్ రికార్డు అని. దేశాన్ని ఐదు ముక్కలు చేసి పెద్ద కంపెనీలకు అప్పగించారు. వాడాల్సిన డాక్టర్లను, నర్సులను ముందుగా సరిగ్గా అడిగిన పాపాన పోలేదు. 2006లో యాక్సెంచర్ తప్పుకుంది, 2008లో ఫుజిట్సు కాంట్రాక్టు తెగింది, 2011లో ప్రభుత్వమే ఆ కార్యక్రమాన్ని విడగొడుతున్నామని చెప్పేసింది. వందల కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి, కాబట్టి డబ్బు చాలక ఆగిందని అనడానికి లేదు. అందులోనే ఎక్స్‌రేలు కంప్యూటర్లో చూసే ఏర్పాటు మాత్రం చక్కగా నిలబడింది. ఎందుకంటావు? ఫిల్ము కోసం వెతుక్కునే డాక్టరుకు ఆ పూటే పని తేలికయింది. డెన్మార్కు వాళ్లయితే 1994 నుంచి మందుల చీటీలు, ల్యాబు రిపోర్టులు పంపుకోవడం లాంటి చిన్న పనులతో మొదలుపెట్టి నిలదొక్కుకున్నారు.

మన దగ్గర చూడు. ఊళ్లో తిరిగే నర్సు, అదే ఏఎన్ఎం, గర్భిణి బరువు, బీపీ రిజిస్టర్లో రాయాలి, ఒక యాప్‌లో ఎక్కించాలి, మళ్లీ ఇంకో యాప్‌లో అదే. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాలి. ఇంటికొచ్చి అన్నం వండుతూ మిగిలినవి నింపితే అందరి బీపీ 120/80 అవుతుంది. ఆ పిల్లను తిట్టొద్దు. ఆమె ఎక్కించిన దాంట్లోంచి ఆమెకు తిరిగొచ్చేది ఏమీ లేదు, పైనుంచి వచ్చే ఫోన్ తప్ప.

అయినా నువ్వు వెళ్లాలనే నా కోరిక. ఆలూరు, పత్తికొండ వైపు నుంచి సుగ్గికని వలసగా గుంటూరు మిరపకోతలకు పోయేవాళ్లలో నెలలు నిండుతున్న ఆడవాళ్లూ ఉంటారు. పరీక్షలు రాసిన గర్భిణి కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి మూటలో పెట్టుకుంటారు. అది తడిసిందా, అక్కడి నర్సు రక్తం గ్రూపు నుంచి మళ్లీ మొదలు. 2021 సెప్టెంబర్లో దేశమంతటా ప్రకటించిన 14 అంకెల హెల్త్ ఐడీ, ఇప్పుడు ఆభా అంటున్న ఆరోగ్య ఖాతా నంబరు, ఇలాంటి వాళ్లకే కదా అక్కరకు రావాలి! నంబరు ఇచ్చేస్తే పని అయినట్టు కాదమ్మా. ఆ నంబరు కొడితే హిమోగ్లోబిన్ ఎంతుందో గుంటూరు నర్సుకు కనబడాలి, అదీ ఆ తల్లి సరే అన్నాకే.

నీకు చిన్నప్పటి నుంచి ఎదుటివాళ్లు అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పే అలవాటు. నా భయమంతా దానిమీదే. మీటింగుల్లో నువ్వు తెలివైనదానివని వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది, కాసేపు ఊరుకో తల్లీ.

చేరేముందు ఇక్కడికి రా. పత్తికొండ దగ్గర నాకు బాగా తెలిసిన ఏఎన్ఎం ఉంది, ఆమెతో మాట్లాడి పెడతాను. టీకాల రోజు ట్యాబు నువ్వే పట్టుకో, ఎన్ని చోట్ల ఒకటే పేరు కొట్టాల్సి వస్తుందో రాసుకో. ఎండలో తెర కనపడదు, గొడుగు తెచ్చుకో.

మీ అత్త