తెచ్చిపెట్టుకున్న నవ్వుకు ఫలితముందా?

ప్ర: నవ్వు రాకపోయినా నవ్వుతుంటే మనసు తేలికపడుతుందని విని, రోజూ పొద్దున్నే అద్దం ముందు పది నిమిషాలు నవ్వుతున్నాను. బుగ్గలు నొప్పెట్టడం తప్ప మార్పేమీ లేదు. ఎక్కడ పొరపాటు?

జ: పది నిమిషాలు మరీ ఎక్కువ. ముఖం నవ్వితే మనసు కొంత వెంట నడుస్తుందన్నది నిజమే కానీ, ఆ ప్రభావం చాలా చిన్నది. 1988లో పళ్ల మధ్య పెన్ను పట్టించి (అప్పుడు మూతి నవ్వినట్టు సాగుతుంది) కార్టూన్లు చూపించిన ప్రయోగంతో ఈ మాట బాగా ప్రచారమైంది. 2016లో 17 ప్రయోగశాలల వాళ్లు అదే చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. 2022లో 19 దేశాల్లో సుమారు 3,900 మందితో మళ్లీ పరీక్షించారు. నవ్వే ముఖాలను అనుకరించినవారిలోనూ, చెప్పినట్టు బుగ్గలు లేపినవారిలోనూ సంతోషం కాస్త పెరిగింది. పెన్ను సంగతి మాత్రం తేలలేదు.

కాబట్టి చిన్న మోతాదులో వాడుకోండి. ముందు దవడ వదులు చేసి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య సందు ఉంచండి. చాలామంది తప్పేది ఇక్కడే. పళ్లు బిగించి పెదవులు సాగదీస్తే అది నవ్వులా కాదు, పంటినొప్పి ఓర్చుకుంటున్నట్టు ఉంటుంది. నెమ్మదిగా ఊపిరి వదులుతూ బుగ్గలను కళ్లవైపు లేపండి. కంటి కొసల్లో ముడత పడినట్టు తెలియాలి. అదే సమయంలో ‘ఫలానా రోజు ఫలానా మాట’ అనదగ్గ ఒక మంచి జ్ఞాపకం తలచుకోండి. పదిహేను, ఇరవై సెకన్లు చాలు. అద్దం వద్దు. అద్దంలో చూస్తుంటే ధ్యాసంతా ఎలా కనిపిస్తున్నామనే దానిమీదికే పోతుంది.

అన్నట్టు, కంటి ముడతలు లేని నవ్వు దొంగనవ్వు అనే మాట 1862లో ఫ్రెంచి వైద్యుడు డుషెన్ రాసిన దాని నుంచి వచ్చింది. ఆ ముడతలను కావాలని తెప్పించగలిగేవాళ్లూ ఉన్నారు. కళ్లు చూసి ఎదుటివారి నవ్వు మీద తీర్పు చెప్పకండి.

ప్ర: నాది కౌంటర్ ఉద్యోగం. రోజంతా నవ్వుతూనే ఉండాలి. ఇంటికొచ్చాక అందరిమీదా విసుక్కుంటున్నాను. నవ్వు మంచిదైతే నాకెందుకిలా?

జ: మీకు అలసట తెస్తున్నది నవ్వు కాదు, లోపలి కోపాన్ని గంటల తరబడి అణచిపెట్టడం. విమాన సిబ్బంది పనిని పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే దీన్ని వివరంగా రాశారు. పైపైన ముఖం మార్చుకోవడం ఒకటి, ఎదుటివారి ఇబ్బందిని ఊహించుకుని లోపలి భావాన్నే మార్చుకోవడం ఇంకొకటి. ఎక్కువగా కుంగదీసేది మొదటిది.

పలకరించేటప్పుడూ పంపించేటప్పుడూ నవ్వండి, మధ్యలో మామూలు ముఖం చాలు. ఒకరు వెళ్లి ఇంకొకరు వచ్చేలోపు నాలుకను కింది దవడలో వదులుగా ఉంచి, భుజాలు దించి, ఒక్క దీర్ఘశ్వాస వదలండి. కోపంతో వచ్చినవారి ముందు అస్సలు నవ్వొద్దు, వెక్కిరింతగా తీసుకుంటారు. గొంతు తగ్గించి, వారి సమస్యను వారి మాటల్లోనే ఒకసారి తిరిగి చెబితే చాలావరకు చల్లబడతారు.

ప్ర: పాజిటివ్‌గా ఆలోచించమన్నారని, పరీక్ష పాసైనట్టు రోజూ ఊహించుకుంటున్నాను. హాయిగా ఉంటుంది కానీ చదువు సాగడం లేదు.

జ: ఆ హాయే అడ్డం పడుతోంది. పని అయిపోయినట్టు ఊహించుకుంటే ఉత్సాహం అక్కడే ఖర్చయిపోతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త గాబ్రియేలె ఎట్టింగెన్ బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన స్త్రీలను పరిశీలించారు. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవారు బాగా తగ్గారు. సన్నబడిపోయినట్టు తీపి ఊహల్లో తేలినవారు తక్కువ తగ్గారు. నమ్మకం వేరు, పగటికల వేరు.

ఆమె పద్ధతికి ఐదు నిమిషాలు, ఒక కాగితం చాలు. కోరిక ఒక్కటే రాయండి, అదీ గడువుతో: ‘ఈ వారం రెండు పాఠాలు పూర్తి చేయాలి.’ అది నెరవేరితే ఎలా ఉంటుందో ఒక నిమిషం ఊహించండి, అంతకు మించి వద్దు. తర్వాత మీలోనే ఉన్న అడ్డంకి రాయండి. ఎక్కువమంది ఇక్కడ ‘టైము లేదు’, ‘ఇంట్లో గోల’ అని బయటి కారణాలు రాసి ఆగిపోతారు. ‘పుస్తకం తెరవగానే కష్టంగా అనిపించి ఫోన్ పట్టుకుంటాను’ అన్నది అసలు అడ్డంకి. చివరగా ‘అలా జరిగితే ఇలా చేస్తాను’ అని ఒక్క వాక్యం: ‘ఫోన్ మీదికి చెయ్యి పోతే, దాన్ని పక్క గదిలో పెట్టొచ్చి ఒక్క పేరా చదువుతాను.’ ‘గట్టిగా ప్రయత్నిస్తాను’ అని రాస్తే అది పథకం కాదు. అడ్డంకి మరీ పెద్దదని తేలితే కోరికనే తగ్గించుకోండి, తప్పేం లేదు.

ప్ర: రోజూ మూడు మంచి విషయాలు రాస్తున్నాను. నెల తిరిగేసరికి విసుగొచ్చింది. ఈ మధ్య దేనిమీదా ఆసక్తి లేదు, నిద్రా సరిగా పట్టడం లేదు.

జ: విసుగుకు మందుంది. ‘కుటుంబం, ఆరోగ్యం’ అని రోజూ అవే రాయకుండా, ఆ రోజు జరిగిన చిన్న సంగతి రాసి, అది ఎందుకు జరిగిందో పక్కన ఒక వాక్యం చేర్చండి. వారానికొకసారి రాసినా చాలు.

రెండో సంగతి వేరు. ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడటం రెండు వారాలు దాటి దాదాపు రోజూ ఉంటే అది కుంగుబాటు కావచ్చు. డైరీ మీద ఆధారపడకుండా డాక్టర్ని కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే కలవండి, ఒంటరిగా ఉండకండి.

ప్ర: నవ్వితే మూతి ఒక పక్కకే పోతే పక్షవాతమేనా?

జ: ఉన్నట్టుండి అలా అయితే పక్షవాతమనే భావించి కదలాలి. రెండు చేతులూ ముందుకు చాచమనండి, ఒకటి కిందికి జారుతోందేమో చూడండి. ఒక వాక్యం చెప్పించి మాట ముద్దగా వస్తోందేమో గమనించండి. మూతి వంకరతో సహా వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంబులెన్స్ పిలవండి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు. చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో టైము రాసి పెట్టుకోండి, ఆస్పత్రిలో ముందు అడిగేది అదే. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ముఖనరం వాపుతోనూ మూతి వంకర పోవచ్చు. అయితే ఏది ఏదో ఇంట్లో తేల్చుకుంటూ కూర్చోవద్దు.