టెక్ సందేహాలు: ఎంటర్ కొడితే కవిత ఎందుకు చెదిరిపోతోంది?

ప్రశ్న: మా క్లాసు పిల్లలు సొంతంగా రాసుకున్న కవితలను వాళ్లతోనే వర్డ్‌లో టైప్ చేయిస్తున్నాను. పంక్తికీ పంక్తికీ మధ్య పెద్ద ఖాళీ వస్తోంది, చరణం ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. ప్రింట్ తీస్తే ఒకే చరణం సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో పడుతోంది. తేలిగ్గా ఎలా నేర్పాలి?
- ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: తప్పు పిల్లలది కాదండీ. ఎంటర్ నొక్కగానే పేరా అయిపోయిందని వర్డ్ అనుకుంటుంది. పేరా తర్వాత కొంత జాగా వదలాలని అందులో ముందే సెట్ చేసి ఉంటుంది. 2013 నుంచి వచ్చిన వెర్షన్లలో మామూలుగా అది 8 పాయింట్లు (72 పాయింట్లయితే ఒక అంగుళం). పంక్తి చివర ఎంటర్ కొట్టిన ప్రతిసారీ ఆ ఖాళీ వచ్చి చేరుతోంది.

అందుకే మొదట ఈ ఒక్కటి నేర్పండి: పంక్తి చివర షిఫ్ట్ పట్టుకుని ఎంటర్, చరణం చివర ఉత్త ఎంటర్. అప్పుడు చరణమంతా ఒకే పేరా అవుతుంది. లోపలి పంక్తులు దగ్గరగా ఉంటాయి, చరణాల మధ్య ఖాళీ దానంతటదే వస్తుంది. కంట్రోల్+షిఫ్ట్+8 నొక్కి గుర్తులు కనిపించేలా పెట్టండి. పంక్తి చివర వంపు తిరిగిన బాణం, చరణం చివర పేరా గుర్తు కనిపిస్తాయి. ఒకరు కవితను పైకి చదువుతుంటే మరొకరు తెరమీద ఆ గుర్తులు సరిచూడాలి. ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నది కవి నిర్ణయం. టైప్ చేస్తూ పిల్లలు దాన్ని గమనించడం మొదలుపెడతారు. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా విలువైనది అదే.

చరణం రెండు పేజీల్లో పడకుండా ఉండాలంటే కవితంతా సెలెక్ట్ చేసి, పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో 'లైన్ అండ్ పేజ్ బ్రేక్స్' ట్యాబ్‌కి వెళ్లి 'కీప్ లైన్స్ టుగెదర్'కి టిక్ పెట్టండి. చరణం ఒకే పేరా కాబట్టి మొత్తంగా తర్వాతి పేజీకి వెళ్తుంది. ఖాళీ కోసం అదనపు ఎంటర్లు మాత్రం కొట్టనివ్వకండి. చర్చ కోసం లేఅవుట్‌లోని లైన్ నంబర్స్ పెట్టుకుంటే, వర్డ్ ఆ ఖాళీ పంక్తుల్ని కూడా లెక్కేస్తుంది.

పొడవైన పంక్తులుంటే పద్ధతి మారుతుంది. మార్జిన్ దాటి కిందికి జారిన ముక్కను చదివేవాళ్లు కొత్త పంక్తి అనుకుంటారు. అందుకే పుస్తకాల్లో దాన్ని కాస్త లోపలికి జరిపి వేస్తారు. వర్డ్‌లో దీనికి 'హ్యాంగింగ్' ఇండెంట్ ఉంది. షిఫ్ట్+ఎంటర్ వాడినచోట ఇది కుదరదు. మొదటిది తప్ప మిగతా పంక్తులన్నీ లోపలికి పోతాయి. ఇలాంటి కవితకు ప్రతి పంక్తి చివరా ఎంటరే కొట్టించండి. స్పేసింగ్‌లో 'ఆఫ్టర్' సున్నా చేసి, చరణం చివరి పంక్తికి మాత్రం 12 పాయింట్లు ఇవ్వండి. చివరిది తప్ప మిగతా పంక్తులకు 'కీప్ విత్ నెక్స్ట్' పెడితే చరణం విరగదు.

పిల్లలకు కవితను పేజీ మధ్యలో పెట్టాలని సరదా ఉంటుంది. సెంటర్ అలైన్‌మెంట్ వద్దు. ప్రతి పంక్తీ వేరే చోట మొదలై కంటికి తోవ దొరకదు. ఎడమ అలైన్‌మెంట్‌లోనే ఉంచి, రూలర్ మీది గుర్తుతో మొత్తం కవితను కుడివైపు జరిపితే చాలు. జస్టిఫై అసలే వద్దు. షిఫ్ట్+ఎంటర్ ఉన్నచోట రెండు మాటల పంక్తిని కూడా మార్జిన్ దాకా సాగదీస్తుంది.

ప్రశ్న: ఇప్పటికే ప్రతి పంక్తికీ ఎంటర్ కొట్టేసిన నలభై కవితలున్నాయి. అన్నీ మళ్లీ టైప్ చేయాలా?

జవాబు: అక్కర్లేదు. టెన్షన్ పడకుండా ముందు ఫైలుకు ఒక కాపీ తీసుకోండి. చరణాల మధ్య ఒక ఖాళీ పంక్తి ఉంటే ఈ పద్ధతి పనిచేస్తుంది. చివరి పేరా గుర్తును వదిలేసి ఒక కవితను సెలెక్ట్ చేయండి. కంట్రోల్+హెచ్ నొక్కి 'ఫైండ్ అండ్ రీప్లేస్' తెరిచి, వెతికే పెట్టెలో 'మోర్'లోని 'స్పెషల్' నుంచి పేరాగ్రాఫ్ మార్క్‌ను రెండుసార్లు ఎంచుకుని, దాని బదులు ### పెట్టి 'రీప్లేస్ ఆల్' నొక్కండి. మిగతా డాక్యుమెంటులో కూడా వెతకాలా అని అడిగితే వద్దనండి. తర్వాత ఒక్క పేరాగ్రాఫ్ మార్క్ బదులు 'మాన్యువల్ లైన్ బ్రేక్' (అంటే షిఫ్ట్+ఎంటర్), చివరగా ### బదులు పేరాగ్రాఫ్ మార్క్ పెట్టండి. ఈ వరుస తప్పితే చరణాలన్నీ కలిసిపోతాయి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లిష్ కవితలో కావాలనే చిన్న అక్షరాలు వాడింది. వర్డ్ వాటిని పెద్దవి చేసేస్తోంది.

జవాబు: ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 'క్యాపిటలైజ్ ఫస్ట్ లెటర్ ఆఫ్ సెంటెన్సెస్' టిక్ తీసేయండి. అప్పటికే మారిపోయిన అక్షరాలను తను రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని సరిచేయమనండి.