ఒరిగిన రబ్బరు మొక్కను నిలబెట్టడం

అమ్మాయీ,

ఫోటోలు చూశాను. మూడడుగుల రబ్బరు మొక్క అలా కిటికీ మీదికి ఒరిగిపోతే మనసు ఒప్పదు, నిజమే. కర్ర పాతి బిగించి కట్టేస్తానన్నావు. ఆగు, ముందు ఒకటి చూడు. మట్టికి రెండంగుళాల పైన కాండాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదుపు. మొదలు గట్టిగా ఉండి పైభాగమే వంపు తిరిగి ఉంటే అది వెలుతురు కోసం వంగినది. మొదలంటా ఊగుతుంటే తప్పు వేర్లలో ఉంది.

ఊగితే మొక్కను కుండీలోంచి తీసి చూడు. కుళ్లిన వేరు నల్లబడి, మెత్తగా, వేళ్లతో లాగితే పై తొక్క ఊడొచ్చేలా ఉంటుంది. వాటిని శుభ్రమైన కత్తెరతో తీసెయ్యి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు కలిపి మళ్లీ నాటు. ఒట్టి కొబ్బరిపొట్టు తేలిక, అంత మొక్కను ఆపలేదు. వేర్లు బాగుండి కుండీయే ఇరుకైతే రెండంగుళాలు వెడల్పైన మట్టి కుండీ చాలు. మరీ పెద్దదైతే మట్టి ఆరక మళ్లీ కుళ్లు పడుతుంది.

నీ మొక్కది మాత్రం వెలుతురు వంపే అనిపిస్తోంది. ఆకులన్నీ కిటికీ వైపు తిరిగాయి, గోడ వైపు బోడిగా ఉంది. వెలుగు ఒక పక్కనుంచే వస్తే, పెరుగుదలను నడిపే ఆక్సిన్ అనే హార్మోను నీడ పక్కకు చేరుతుంది. ఆ పక్క ఎక్కువ సాగి మొక్క వెలుగు వైపు వంగుతుంది. డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల కొసలకు తొడుగులు పెట్టి చూసి, వెలుగును పసిగట్టేది కొసేనని 1880లోనే చెప్పారు. చాలామంది పొరబడేది ఇక్కడే. కుండీ తిప్పితే లేత కొస సర్దుకుంటుంది గానీ, గోధుమరంగుకు తిరిగి చేవదేలిన భాగం ఎన్ని నెలలు తిప్పినా తిరిగిరాదు. దాన్ని కట్టి తేవాలి, లేదా కొయ్యాలి.

కట్టడానికి బొటనవేలంత లావు వెదురు కర్ర, మూడున్నర అడుగులది తెచ్చుకో. మట్టి తడిగా ఉన్నప్పుడు, మొక్క ఒరిగిన వైపుకు ఎదురుగా, కాండానికి రెండంగుళాల దూరంలో కుండీ అడుగు తగిలేదాకా దించు. మధ్యలో ఏదైనా అడ్డుపడితే బలవంతంగా గుచ్చకు, అది లావు వేరు కావచ్చు. తీసి పక్కకు జరుపు. కట్టుకు పాత నూలుచీర పేలిక మంచిది, వేలెడు వెడల్పున చించు. బైండింగ్ తీగ, నైలాన్ తాడు బెరడులోకి కోసుకుపోతాయి. పేలికను కాండానికి ఒక చుట్టు తిప్పి, మధ్యలో మెలేసి, కర్రకు రెండో చుట్టు వెయ్యి. అంటే 8 అంకెలా. ముడి కర్ర వైపే పడాలి. కాండం దగ్గర చిటికెనవేలు దూరేంత సందుండాలి. కట్టు కణుపుకు కింద ఆనితే పైకి జారదు. కింద ఒకటి, వంపు దగ్గర ఒకటి, రెండు చాలు.

ఒక్కరోజులో నిటారుగా లాగకు. పదిరోజులకొకసారి వేలెడంత దగ్గరకు తెచ్చుకో. చిటుక్కుమన్నదంటే నార తెగుతోందని, వెంటనే వదులు చెయ్యి. మూడు నెలల తర్వాత ఒక రోజంతా విప్పి చూడు. నిలబడితే కట్లు వదులుగా వేసి గాలికి కాస్త ఊగనివ్వు, ఊగితేనే కాండం బలిసేది.

వంపు దగ్గర కాండం బొటనవేలికన్నా లావుంటే లాగొద్దు, విరుగుతుంది. తొలకరి పడ్డాక, వంపుకు కింద ఉన్న ఒక కణుపుకు పావంగుళం పైన కొయ్యి. పాలు ధారగా కారతాయి, కంట్లో పడకూడదు, కొందరికి చర్మం మండుతుంది. కింద పాత పేపరు పరిచి, తడిగుడ్డతో కోతను అదిమిపట్టు. కింది కణుపుల్లోంచి కొత్త చిగుళ్లు వస్తాయి. నిటారుగా లేచేదాన్ని ఉంచి మిగతావి గిల్లెయ్యి.

చోటు కూడా మార్చు. తూర్పు కిటికీకి మూడడుగుల్లోపు బాగుంటుంది. పడమటి బాల్కనీలో ఏప్రిల్, మే ఎండకు ఆకులు మాడతాయి. వేలు రెండంగుళాలు గుచ్చితే పొడిగా తగిలినప్పుడే నీళ్లు. యూరియా వెయ్యొద్దు, తీగలా సాగి మళ్లీ వాలుతుంది. ఆదివారం ఆదివారం కుండీని ఒకే వైపుకు పావు చుట్టు తిప్పు. ఎంత తిప్పావో గుర్తుండటానికి కుండీ అంచున సున్నంతో నాలుగు బొట్లు పెట్టుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ