ఒకే వార్త ఒక పేపర్లో పతాక శీర్షిక, ఇంకోదాంట్లో సింగిల్ కాలమ్. ఎందుకలా?

స్థానిక రాజకీయ వార్త ఎంత పెద్దదో చాలాసార్లు సంఘటనను బట్టి కాదు, యాజమాన్యం మొగ్గును బట్టి డెస్కులో, అంటే వార్తలను దిద్ది పేజీల్లో పెట్టే విభాగంలో, తేలుతుంది. ఆ మొగ్గు దాపరికమేమీ కాదు: 1983లో ఎన్టీఆర్ గెలుపుకు ఈనాడు గట్టిగా తోడ్పడింది, 2008లో మొదలైన సాక్షి జగన్ కుటుంబానిది.

మండల విలేకరి రాసి పంపిన వార్తకు ఏ పేజీ, ఎన్ని కాలాలు, ఫొటో ఉండాలా వద్దా, శీర్షిక ఏమిటి అన్నది డెస్కే చూస్తుంది. ఆఖరి గంటలో ప్రకటన వచ్చిపడితే ముందు కోతపడేది ‘మనవాళ్లకు’ అక్కరలేని వార్తే.

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో తాగునీటి కోసం ఆడవాళ్లు ఖాళీ బిందెలతో రోడ్డెక్కారనుకోండి. అధికార పార్టీ అంటే పడని పత్రిక జిల్లా మొదటి పేజీలో నాలుగు కాలాల ఫొటో వేసి ‘గొంతెండుతోంది’ అంటుంది. అనుకూల పత్రిక లోపలి పేజీలో అడుగున ‘ట్యాంకర్లతో నీళ్లిస్తాం: ఎమ్మెల్యే’ అని ఆరు లైన్లు వేసి, రాస్తారోకో సంగతి చివరి వాక్యంలో చెబుతుంది. రెండింట్లోనూ అబద్ధం ఒక్కటీ లేదు.

చాలామంది ఊళ్లో విలేకరినే తిడతారు. పాపం, ఇలా ఊళ్ల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్లలో ఎక్కువమందికి నెల జీతమే ఉండదు; పైగా ప్రకటనల టార్గెట్ ఒకటి. అందుకే నాయకుడిని నొప్పించే మాట విలేకరి దగ్గరే మెత్తబడటమూ ఉంది. శీర్షిక, చోటు మాత్రం విలేకరి చేతిలో ఉండవు.

తేడా కనిపెట్టాలంటే ఒకే రోజు నెల్లూరు ఎడిషన్లు రెండు పక్కపక్కన పెట్టండి. శీర్షికలో ఎవరి పేరుంది, మొదటి పేరాలో మాట ఎవరిది, ఒకదాంట్లో వచ్చి రెండోదాంట్లో అసలే రానిది ఏది అన్నవి చూడండి.