డ్రంక్ అండ్ డ్రైవ్‌లో 94 వచ్చింది, బండి స్టేషన్‌లో పెట్టారు. ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: శనివారం రాత్రి అమీర్‌పేటలో మా తమ్ముడి బైకు ఆపి ఊదించారు. 94 వచ్చింది. రెండు బీర్లే తాగానంటున్నాడు. బండి ట్రాఫిక్ స్టేషన్‌లో ఉంది, వాడి చేతికి ఒక కాగితం ఇచ్చి ఇంటికి పంపారు. మిషన్ తప్పు చూపించిందా? బండి ఎలా విడిపించుకోవాలి? తర్వాత కోర్టు అంటున్నారు, అక్కడ ఏమవుతుంది?

జవాబు:

ముందు బండి సంగతి చూడండి, అది ఈ రోజే తేలే పని. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని జప్తు చేసే అధికారం పోలీసులకు లేదని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో తేల్చింది. ఆ తీర్పు ప్రకారం వెనక కూర్చున్నవాళ్లలో తాగని, లైసెన్స్ ఉన్న మనిషి ఉంటే బండి అక్కడికక్కడే అతనికి ఇచ్చేయాలి. లేకపోతే బంధువుకో స్నేహితుడికో కబురు పెట్టాలి. ఎవరూ రాకపోతేనే దగ్గరి స్టేషన్‌లో తాత్కాలికంగా ఉంచాలి. తర్వాత యజమాని గానీ, ఆయన పంపిన మనిషి గానీ ఆర్సీ, గుర్తింపు కార్డు, చెల్లుబాటయ్యే లైసెన్స్ చూపిస్తే అప్పగించాలి. కాబట్టి తమ్ముణ్ని పంపకండి, లైసెన్స్ ఉన్న మీరే వెళ్లండి. ఆర్సీ మీ నాన్నగారి పేరు మీద ఉంటే ఆయన సంతకంతో ఒక తెల్ల కాగితం, ఆయన ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్లండి. చాలామందికి పని ఆగిపోయేది ఇక్కడే. సెకండ్ హ్యాండ్‌లో కొని, పేరు మార్పించుకోకుండా పాత ఓనరు ఆర్సీతోనే తిరుగుతుంటారు. అలాంటి బండి అయితే ఆ పాత ఓనరును వెతికి పట్టుకోవాల్సిందే. పాత చలాన్లు ఏమైనా ఉన్నాయేమో ఆన్‌లైన్‌లో చూసి కట్టేసి వెళ్తే కౌంటర్ దగ్గర వాదన తప్పుతుంది. కేసు తేలాకే ఇస్తామంటే గొంతు పెంచకుండా ఎస్సై గారిని కలిసి ఆ తీర్పు సంగతి చెప్పండి, ఒక అర్జీ రాసిచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. బండి బయటికి తెచ్చే ముందు నాలుగు వైపులా ఫోటో తీసుకోండి.

ఇక 94 సంగతి. అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 94 మిల్లీగ్రాముల ఆల్కహాల్ అని. మిషన్ తప్పు కాకపోవచ్చు, లెక్క వేసి చూడండి. మామూలు బీరు 5 శాతం, పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. రెండు సీసాల్లో స్వచ్ఛమైన ఆల్కహాల్ 65 మిల్లీలీటర్లు, తూకంలో దాదాపు 51 గ్రాములు. 70 కిలోల మగవాడిలో అది రక్తంలో 100 మిల్లీలీటర్లకు 107 మిల్లీగ్రాముల దాకా పోతుంది. శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు కరిగించుకుంటుంది. మొదటి గుక్క నుంచి ఊదేదాకా గంట గడిచిందనుకుంటే 92. మీవాడు నిజమే చెప్తున్నాడన్నమాట, రెండు బీర్లే! అదే 8 శాతం స్ట్రాంగ్ అయితే ఇంత తక్కువ వచ్చేది కాదు, 150 దాటేది. చట్టం పెట్టిన హద్దు 30. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గు ఒక్కటే అదే మనిషిని 40 దాటించగలదు. ఆడవాళ్లలో, సన్నగా ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. ఇవి సగటు లెక్కలు, తిన్న తిండిని బట్టి, మనిషిని బట్టి అటూ ఇటూ అవుతాయి. కానీ ‘ఒక్క బీరుకు ఏం కాదులే’ అనేవాళ్ల లెక్క ఎక్కడ తప్పుతోందో దీంతో తెలుస్తుంది.

ఇదే లెక్క మర్నాటి పొద్దుటికీ వర్తిస్తుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. రాత్రి పది నుంచి పన్నెండు దాకా రెండు పెద్ద స్ట్రాంగ్ బీర్లు తాగి పడుకున్న మనిషి ఒంట్లో 30 కిందికి దిగేసరికి ఉదయం ఏడున్నర అవుతుంది. నిద్ర, చన్నీళ్ల స్నానం, మజ్జిగ, నిమ్మరసం, బ్లాక్ కాఫీ, ఏవీ ఆ వేగాన్ని పెంచవు. స్కూల్ బస్సు, క్యాబ్, లారీ తోలేవాళ్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. రాత్రి తాగినది పొద్దున షిఫ్టులో దొరుకుతుంది.

మిషన్ గురించి. లోపల ఉండేది ఫ్యూయల్ సెల్. ఊపిరితో వచ్చిన ఆల్కహాల్ ప్లాటినం పలక మీద రసాయన చర్య జరిపి చిన్న కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటే అంకెగా మారుతుంది. అది వాసన చూడదు. అందుకే యాలకులు, సోంపు, జామాకులు, వక్కపొడి నమిలినా ఫలితం ఉండదు. నోటి స్ప్రేలు ఇంకా ముంచుతాయి, వాటిలో కొన్నింట్లో ఆల్కహాల్ ఉంటుంది. ఊదే ముందు ఊపిరి బిగబట్టడం ఇంకో చిట్కా. ఊపిరి ఎంతసేపు బిగబడితే లోపలి గాలిలోకి ఆల్కహాల్ అంతగా చేరుతుంది కాబట్టి అంకె తగ్గదు సరికదా, పెరుగుతుంది.

అలాగని మిషన్‌ను ప్రశ్నించే హక్కు లేదనేం కాదు. ఆ హక్కు వాడుకోవాల్సింది ఊదేటప్పుడే, తర్వాత కాదు. కొన్ని చోట్ల ముందు గొట్టం లేకుండా మూతి దగ్గర పెట్టి చూస్తారు, అది వడపోతకే. కేసుకు పనికొచ్చేది గొట్టంలో ఊదిన అంకె. గొట్టం కొత్తది, మీ ఎదుటే కవరు చించి తగిలించాలి. ఊదే ముందు తెర మీద సున్నా ఉండాలి. ఒకే ధారగా నాలుగైదు సెకన్లు ఊదాలి, మధ్యలో ఆపితే మిషన్ మళ్లీ అడుగుతుంది. పావుగంట లోపు తాగి ఉంటే, వాంతి అయి ఉంటే, దగ్గు సిరప్పో హోమియో చుక్కలో వేసుకుని ఉంటే నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల అంకె ఎక్కువగా రావచ్చు. అప్పుడు నీళ్లతో పుక్కిలించి, పదిహేను నిమిషాలు ఆగి రెండోసారి ఊదుతానని మర్యాదగా అడగాలి. మోటారు వాహనాల చట్టం 203వ సెక్షన్‌లో ‘ఒకటి లేదా అంతకంటే ఎక్కువ’ నమూనాలు అన్న మాట ఉంది. దగ్గు మందు వల్ల వచ్చిన అంకె పదిహేను నిమిషాలకు దాదాపు సున్నాకు పడిపోతుంది, బీరు వల్ల వచ్చినది పడదు. షుగర్ ఉన్నవాళ్ల ఊపిరిలో అసిటోన్ ఉంటుంది కదా అంటారు, ఫ్యూయల్ సెల్ దాన్ని లెక్కలోకి తీసుకోదు.

ప్రింటౌట్‌లో చూడాల్సినవి: పేరు, బండి నంబరు, తేదీ, సమయం, మిషన్ సీరియల్ నంబరు. చాలా మిషన్లు చివరి క్యాలిబ్రేషన్ తేదీ, అంటే అంకె సరిగ్గా వస్తోందో లేదో చివరిసారి సరిచూసిన తేదీ కూడా చూపిస్తాయి. ఒక చిన్న మాట, పాతబడిన ఫ్యూయల్ సెల్ సాధారణంగా ఎక్కువ కాదు, తక్కువే చూపిస్తుంది. కాబట్టి ‘మిషన్ పాతది’ అన్న వాదన మీ వైపు పని చేయకపోవచ్చు.

ఊదను అని మొండికేస్తే? 203 కిందే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, సరైన కారణం లేకుండా నిరాకరించడాన్ని 205వ సెక్షన్ ప్రకారం మీకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు. అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు దగ్గర పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలేయాలి అన్నది 202వ సెక్షన్ మాట. దీన్ని వాట్సాప్‌లో ‘రెండు గంటలు దాటితే కేసే లేదు’ అని తిప్పుతున్నారు. అది అరెస్టయిన మనిషికే. మీ తమ్ముడిలా కాగితం ఇచ్చి ఇంటికి పంపినవాళ్లకు అది వర్తించదు. రక్తపరీక్ష దాకా పోతే ఒక్క విషయం: సూది గుచ్చే చోట స్పిరిట్ దూదితో తుడవకూడదు, ఆ స్పిరిట్ కూడా ఆల్కహాలే.

ఇప్పుడు కోర్టు. తాగి నడపడం 185వ సెక్షన్, స్పాట్‌లో జరిమానా కట్టి రాజీ చేసుకునే నేరాల్లో ఇది లేదు. అందుకే రోడ్డు మీద గానీ, ఫోన్‌పేలో గానీ ఎవరు డబ్బు అడిగినా అది ప్రభుత్వానికి వెళ్లేది కాదు. హైదరాబాద్ కమిషనరేట్‌లో అయితే ముందు గోషామహల్ లేదా బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్. ఏది అన్నది ఆ కాగితంలో ఉంటుంది. ఆధార్, లైసెన్స్‌తో పాటు ఇంట్లోవాళ్లను ఒకరిని వెంట రమ్మంటారు. భార్య, అమ్మానాన్న, అన్నదమ్ములు ఎవరైనా సరే. స్నేహితుణ్ని తీసుకెళ్లి ‘మా బావ’ అని చెప్పేవాళ్లున్నారు, ఆధార్ చూడగానే వెనక్కి పంపుతారు. ఆ తర్వాత చెప్పిన తేదీకి మేజిస్ట్రేట్ ముందు హాజరు.

అక్కడ నేరం ఒప్పుకుంటే సాధారణంగా ఆ రోజే తేలుతుంది. మొదటిసారి అయితే చట్టంలో ఉన్నది ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, 15,000. ఈ అంకెలు 2019 సవరణతో వచ్చాయి, అంతకుముందు మొదటిసారికి 2,000 దాకానే. రీడింగ్ ఎంత, పాత కేసు ఉందా, పోలీసులతో ఎలా ప్రవర్తించాడు, ప్రమాదం జరిగిందా అన్నవి చూసి న్యాయమూర్తి నిర్ణయిస్తారు. జరిమానా కట్టాక రసీదు అడిగి తీసుకుని దాచుకోండి. ఒప్పుకోకపోతే విచారణ నడుస్తుంది, ఊదించిన అధికారి సాక్ష్యం చెప్పాలి, వాయిదాలుంటాయి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే, 94 మీద ప్రింటౌట్ సవ్యంగా ఉంటే పోరాటానికి నాకు పెద్ద ఆధారం కనపడటం లేదు. కోర్టు గేటు దగ్గర ‘ఇంత ఇస్తే లోపల మాట్లాడతా’ అనేవాళ్లతో మాట కలపొద్దు. అన్నిటికంటే పెద్ద పొరపాటు అసలు వెళ్లకపోవడం. పది వేలతో పోయేది వారంటుగా మారి, పాస్‌పోర్టు వెరిఫికేషన్ రోజున బయటపడుతుంది.

జరిమానా కంటే నొప్పి లైసెన్స్ దగ్గర. 206వ సెక్షన్ కింద లైసెన్స్ తీసుకుని ఆర్టీఏకు పంపితే, మొదటి తప్పుకు మూడు నెలలు అనర్హత, రెండోసారికి లైసెన్సే రద్దు. ఆ మూడు నెలల్లో ‘పక్క వీధికే కదా’ అని బండి తీస్తే 182వ సెక్షన్ విడిగా పడుతుంది: మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. ఆ సమయంలో గుద్దితే సొంత బండి నష్టానికి బీమా కంపెనీ చేతులెత్తేయడానికి కారణం మనమే ఇచ్చినట్టు.

ఇంకొకటి, అడగలేదు గానీ మన ఇళ్లలో అందరికీ పనికొచ్చేది. తమ్ముడికి అమెరికా ఆలోచన ఉంటే, వీసా ఫారం డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టు అయ్యారా, శిక్ష పడిందా అన్న ప్రశ్న ఉంటుంది. జరిమానాతో పోయినా అది శిక్షే. గత ఐదేళ్లలో మద్యం కేసు ఒకటున్నా కాన్సులేట్ వాళ్లు తమ డాక్టరు పరీక్షకు పంపొచ్చు. దానివల్ల ఆలస్యమే అయినా, దాచిపెట్టి దొరికితే మోసం కింద లెక్క కడతారు. కోర్టు తీర్పు నకలు, జరిమానా రసీదు ఇప్పుడే తీసి ఒక ఫైల్లో పెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత ఆ నకలు కోసం కోర్టు రికార్డు గది చుట్టూ తిరగడం పెద్ద తలనొప్పి.